పడమటి గ్యాలరీ మేష్ట్రు

మేష్ట్రు పోయినాడని హనుమంతు ఫోన్ చేసినప్పుడు కురుగోడు దగ్గర కాలవ కింద మా పొలంలో వరి కోయిస్తున్నాం. కోత యంత్రం హోరులో సగమే వినపడింది. గట్టెక్కి మళ్ళీ చేశాను.

"పొద్దున్నే పోయినాడప్పా. వాళ్ళూరు బండ్రిలోనే. బర్రెకు గడ్డేస్తా కూలబడినాడంట. సాయంత్రం మన్ను చేస్తారంట. వస్తాండావా?"

"వస్తాండా," అన్నాను.

నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గోదావరి వైపు నుంచి వచ్చి ఈ కాలవ కింద స్థిరపడి ఆయనకు జుట్టు నెరిసిపోయింది కానీ మాట మాత్రం అక్కడిదే.

"నువ్వెళ్ళు. నేను రాను."

"రమ్మనలేదు నాన్నా."

"నీకు పోయింది నీ కన్ను. నాకు పోయింది నా కొడుకు కన్ను. ఆ రెండూ ఒకటి కాదురా. నువ్వు వెళ్ళగలవు. నా వల్ల కాదు."

నా ఎడమ కన్ను తీసింది ఆ మనిషే. బళ్ళారిలో నేను చదివిన కాలేజీకి ఆయన వ్యాయామ అధ్యాపకుడు. ఫుట్‌బాల్ జట్టుకు కోచ్, వైద్యుడు, పోలీసు, యముడు, అన్నీ ఆయనే. తెలుగు మాట్లాడేవాళ్ళూ కన్నడం మాట్లాడేవాళ్ళూ ఎదురుగా సార్ అన్నా, అందరూ మేష్ట్రు అనే పిలిచేవాళ్ళు. పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. ఇక్కడ నేనూ పెట్టను.

పొడగరి కాదు. ఛాతీ మాత్రం పాతకాలపు తలుపులా ఉండేది. ముక్కు ఒక మ్యాచ్‌లో ఒక పక్కకూ, ఇంకో మ్యాచ్‌లో ఇంకో పక్కకూ విరిగి చివరికి మధ్యలో ఎక్కడో రాజీ పడింది. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో విరిగి బయటికి తిరిగి అతుక్కుంది. ఆయన ఒకడి వైపు చెయ్యి చాపితే ఆ వేలు పక్కవాడి వైపు చూపేది. ఎందుకైనా మంచిదని ఇద్దరం పరిగెత్తేవాళ్ళం.

మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి రెండు చేతులతో రొమ్ము మీద తోసేవాడు. ఊళ్ళో వానల గురించో, పరీక్షల గురించో అడుగుతున్నప్పుడే. పడితే, "బంతి యాడాడిస్తావప్పా, ముందు నిలబడేది నేర్చుకో," అని వెళ్ళిపోయేవాడు. నిలబడితే కూడా మెచ్చుకోడు. వదిలేసిన మాట మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. ఆయన దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడు ఒక కాలు వెనక్కి వేసుకోవడం మాకు అలవాటైపోయింది. ఇప్పటికీ బ్యాంకులో మేనేజరు ముందు కూడా నేను అలాగే నిలబడతాను.

కొట్టేవాడు. అందులో దాపరికం లేదు. విజిల్ తాడుతో కొట్టేవాడు, బూటుతో కొట్టేవాడు, దూరంగా ఉన్నవాణ్ణి బంతితో కొట్టేవాడు. గురి తప్పేది కాదు. ఆదివారం ప్రాక్టీసు తర్వాత గాంధీనగర్‌లో ఒక బండి దగ్గరికి తీసుకెళ్ళి, పొద్దున తాను కొట్టినవాడికే ముందుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించేవాడు. అది క్షమాపణేమో అని మేము అనుకునేవాళ్ళం. ఒకసారి హనుమంతు ధైర్యం చేసి అడిగాడు కూడా. మా గోలీ వాడు, గోలు కాసేవాడు, భయం తక్కువ.

"క్షమాపణ ఏంది," అన్నాడు మేష్ట్రు, బజ్జీ కారానికి కళ్ళ నీళ్ళు కారుతుంటే. "దెబ్బ తిన్నోనికి ఆకలెక్కువైతాది. మాట్లాడకుండా సుమ్నె తిను."

మా కాలేజీ మైదానం మొదట్లో మైదానమే కాదు. హాస్టలు వెనక ఎర్రమట్టి, అందులో ఇనుపరాయి. పడితే మోకాలి చర్మం అక్కడే ఉండిపోయేది. మాకంటే ముందు తరం కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఆ రాళ్ళు ఏరారు. ఏరించింది ఈయనే. ఏరనివాడి భుజాన అవే రాళ్ళు మూటగట్టి పెట్టి పరిగెత్తించింది కూడా ఈయనే. గనుల్లో పారేసిన నీటి గొట్టాలు తెచ్చి గోలు కమ్మీలు నిలబెట్టారు. గుట్ట నుంచి బండలు కొట్టుకొచ్చి తూర్పు వైపు మెట్లు కట్టారు. ఆట జరిగే సాయంత్రాల్లో ఎండ ఆ మెట్ల మీదికే నేరుగా కొట్టేది. అక్కడ కూర్చున్నవాళ్ళు నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు.

మేము చేరేనాటికి గనుల డబ్బు ఊళ్ళోకి దిగింది. కాలేజీ యాజమాన్యంలో గనుల వాళ్ళూ చేరారు. పడమట కాంక్రీటు గ్యాలరీ లేచింది. కింద ఆటగాళ్ళ గదులు, పైన మెట్లు, వాటి మీద రేకుల కప్పు. జిల్లా టోర్నమెంటు మొదలయ్యేలోగా పూర్తి కావాలని రాత్రీ పగలూ కట్టారు. కింద ఇంకా శ్లాబుకు ఆనించిన కర్రల పోట్లు తీస్తుండగానే పైన రంగులు వేశారు. నీడ అటువైపే కాబట్టి ఊరంతా ఆ గ్యాలరీకే ఎగబడింది.

ఆ టోర్నమెంటు సెమీ ఫైనల్ సండూరు వైపు గనుల కార్మికుల జట్టుతో ఆడాం. వాళ్ళు ఆటకు వచ్చినట్టు రారు, పంచాయితీకి వచ్చినట్టు వస్తారు. మొదటి పది నిమిషాల్లోనే మావాడికి పన్ను ఊడింది. నేను స్టాపర్ని, వెనక వరసలో అడ్డుకునేవాణ్ణి. వాళ్ళ ఫార్వర్డు ఒకడు నన్ను మోచేత్తో డొక్కలో పొడిచి దాటిపోయాడు. బంతి గోలీ చేతికి వెళ్ళిపోయింది. అది చూసీ, ఆగకుండా వెనక నుంచి వాడి మడమ మీద తన్నాను. ఎముక చప్పుడు నాకు వినపడింది. వాడు నేల మీద పడి అమ్మను పిలుస్తూ మన్ను పీకుతున్నాడు.

రెఫరీ వచ్చేలోపే మేష్ట్రు వచ్చాడు. జనం అందరి ముందూ నా చెంప మీద కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. కాలర్ పట్టుకుని గీత దాకా ఈడ్చుకెళ్ళాడు.

"బంతి పోయినంక కాలెందుకు పోయింది?"

నోట్లో రక్తం ఉమ్మేశాను.

"బంతి ఉన్నంత సేపు సంపు. నేనేమనను. బంతి పోయినంక ఆడ ఉండేది మనిషప్పా."

ఫైనల్‌కు నన్ను జట్టులోంచి తీసేశాడు. అందుకే ఆ రోజు నేను కింద గదిలో లేను, పైన గ్యాలరీలో ఉన్నాను.

ఫైనల్ రోజు పడమటి గ్యాలరీలో మనిషి మీద మనిషి ఉన్నారు. మెట్ల మధ్య దారుల్లో కూర్చున్నారు, వెనక పిట్టగోడ మీద కూర్చున్నారు, కప్పుకు ఆనించిన కమ్మీలు పట్టుకుని వేలాడారు. తప్పెట్లు తెచ్చారు. తప్పెట దరువుకు అందరూ ఒకేసారి ఎగిరి ఒకేసారి దూకుతుంటే కింద నుంచి అరికాళ్ళలోకి వణుకు వచ్చేది. మాకదే సంబరం. సగం ఆట అయ్యేసరికి గోలు పడలేదు. మైకులో విరాళాలిచ్చినవాళ్ళ పేర్లు చదువుతున్నారు.

ఆ చదువుతున్న గొంతు మధ్యలో కింది మెట్ల దగ్గర కేకలు మొదలయ్యాయి. వంగి చూశాను. మేష్ట్రు మూలన పాతే జెండా వెదురుకర్ర పీక్కుని మెట్లెక్కి వస్తున్నాడు. దొరికినవాణ్ణి దొరికినట్టు కొడుతున్నాడు. మోకాళ్ళ మీద, పిక్కల మీద, చేతుల మీద. ముసలివాళ్ళను కూడా. నోట్లో ఒకటే మాట.

"దిగు. దిగు. దిగు."

ఎవరికీ అర్థం కాలేదు. అంతకుముందు కొంతమంది ఆయన్ని ఎగతాళి చేస్తూ అరిచారు, ఆ కోపమనుకున్నారు. కొందరు పరిగెత్తారు, కొందరు తిరగబడ్డారు. సీసా ఒకటి ఆయన భుజం మీద పగిలింది. ఎవడో బెల్టు తీసి మొహం మీద కొట్టాడు, కనుబొమ నుంచి రక్తం కారి చొక్కా ఎర్రగా అయింది. ఆయన ఆగలేదు. వెదురు చివర చీలిపోయింది. దానితోనే కొడుతున్నాడు. ఒక్కో మెట్టు ఖాళీ చేసుకుంటూ పైకి వస్తున్నాడు. జనం గొర్రెల్లా ఒకరి మీద ఒకరు పడి కిందికి జారుతున్నారు.

నేను ఆపుదామని ఎదురెళ్ళాను. నన్ను చూస్తే ఆగుతాడనుకున్నాను.

"సార్, నేను," అంటూ చెయ్యి చాపాను.

ఆ చీలిన వెదురు నా ఎడమ కంట్లోకి వచ్చింది. మొదట నొప్పి లేదు. వెచ్చగా ఏదో చెంప మీదికి దిగింది. తర్వాత తలలో తెల్లగా మండింది. మిగిలిన కంటితో ఆయన మొహం చూశాను. నన్ను గుర్తుపట్టాడు. ఏం జరిగిందో చూశాడు. ఒక్క క్షణం ఆ కర్ర గాల్లో నిలబడింది. తర్వాత నా భుజం పట్టుకుని కిందికి తోసి, "దిగు," అని నన్ను దాటి పైకి వెళ్ళిపోయాడు.

కింద మైదానంలో తొక్కిసలాట. పోలీసులు లాఠీలు తీశారు. గ్యాలరీ మొత్తం ఖాళీ అయ్యాక పై మెట్టు మీద ఆయన ఒక్కడే మిగిలాడు. అప్పుడు జనం తిరిగి ఎక్కారు. ఆయన కర్ర కింద పడేశాడని, చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదని చూసినవాళ్ళు చెప్పారు. దవడ విరిచారు, పక్కటెముకలు విరిచారు. పోలీసులు లాక్కుపోయేటప్పుడు కాళ్ళు మెట్ల మీద ఈడుస్తూ ఉన్నాయట.

గ్యాలరీ పడలేదు.

కింద గదిలో ఏం జరిగిందో నాకు ఆసుపత్రిలో హనుమంతు చెప్పాడు. సగం ఆటకు వాళ్ళు గదిలోకి రాగానే నెత్తిన దుమ్ము రాలిందట. పైన దూకినప్పుడల్లా ఇంకాస్త. తర్వాత పిడికెడంత పెచ్చు ఊడి నీళ్ళ బకెట్లో పడింది. దూలం మీద వెంట్రుకంత గీత ఉంది. అది పాతదో కొత్తదో ఎవరికీ తెలియదు. మేష్ట్రు తలెత్తి చూశాడట, మొహం పాలిపోయిందట. పరుగున మైకు దగ్గరికి వెళ్ళి జనాన్ని దింపమన్నాడు. ముఖ్య అతిథి మాట్లాడాక చూద్దాం, కూర్చోండి అన్నారు యాజమాన్యం వాళ్ళు. మైకు లాక్కోబోతే ఇద్దరు పట్టుకుని పక్కకు నెట్టారు. అప్పుడు జెండా కర్ర పీకాడు.

"అది బీళ్తుందని ఆయనకు గట్టిగా అనిపించిందప్పా," అన్నాడు హనుమంతు. బీళ్తుంది అన్నది కన్నడం మాట, పడుతుందని. "నాకైతే ఇప్పటికీ తెలీదు."

మేష్ట్రు అదే ఆసుపత్రిలో కింది వార్డులో ఉన్నాడు. నడవగలిగిన రోజు గోడ పట్టుకుని పైకి వచ్చాడు. దవడ కదలకుండా తలచుట్టూ కట్టు. పక్కన పోలీసు. నా మంచం పక్కన నాన్న ఉన్నాడు.

"నా బిడ్డ కన్ను పొడిచి పలకరించడానికి వచ్చావా," అన్నాడు నాన్న. కాలి చెప్పు తీసి కొట్టాడు. భుజం మీద, మెడ మీద, విరిగిన దవడ మీద. పోలీసు కాసేపు చూసి ఆ తర్వాతే అడ్డం వచ్చాడు. మేష్ట్రు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఒక కాలు వెనక్కి వేసుకోలేదు. నాన్నకు ఆయాసం వచ్చాక తిరిగి గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నాకు లోకం కాగితం మీది బొమ్మలా అయిపోయింది. లోటాలో నీళ్ళు పోస్తే పక్కన పోసేవాణ్ణి. బస్సు మెట్టు అనుకుని గాల్లో కాలు పెట్టి పడ్డాను. పొలానికి వెళ్ళడం మానేశాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. నాన్న కేసు పెట్టాడు. మేష్ట్రును ఉద్యోగంలోంచి తీసేశారు, బెయిలు మీద బండ్రిలో ఉంటున్నాడని తెలిసింది.

ఒక సాయంత్రం కాలవ గట్టు మీద బండి ఆగింది. ఆయనే. హ్యాండిలుకు వలసంచిలో బంతి. దవడ ఒక పక్కకు అతుక్కుని మాట కాస్త నలిగి వచ్చేది.

"రా," అన్నాడు.

ఎందుకు వెళ్ళానో తెలియదు. ఆయన్ని కొట్టడానికే వెళ్ళానేమో. దగ్గరికి వెళ్ళేసరికి బంతి వచ్చి మొహానికి తగిలింది. ముక్కులోంచి రక్తం వచ్చింది.

"లే."

"కనపడ్డంలేదు సార్."

"బంతి పెద్దదైతాంటే దగ్గరికొస్తాండాదని. దానికి రెండు కళ్ళెందుకు? లే."

మళ్ళీ కొట్టాడు. ఎడమ వైపు నుంచి, కనపడని వైపు నుంచి. నేను తిట్టాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఒకసారి మీద పడి గొంతు పట్టుకున్నాను. ఆయన నా చేతులు విడిపించుకోలేదు. నాకే సిగ్గేసి వదిలేస్తే, దగ్గి, బంతి తీసుకుని, "తల తిప్పుతా ఉండల్ల. మెడతోనే చూడల్ల ఇంక," అన్నాడు. ఆ చలికాలమంతా వచ్చాడు. బంతి కాలవలో పడితే ఆయనే దిగి తెచ్చేవాడు. సారీ అన్న మాట ఆయన నోట రాలేదు. నేనూ దానికోసం చూడలేదు. మొదటిసారి ఎడమ వైపు వచ్చిన బంతిని పట్టుకున్నప్పుడు కాలవలో నీళ్ళు చూస్తూ నిలబడి, చాలాసేపటికి బండి తీశాడు.

ఇదంతా నాన్నకు తెలియకుండా జరుగుతోందనుకున్నాను. తర్వాత ఎప్పుడో నాన్నే అన్నాడు, "ట్రాక్టరు మీద వస్తూ రెండుసార్లు చూశాను. పక్కదారిన వెళ్ళిపోయాను," అని. కేసు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కోర్టులో ఆయన వకీలు దుమ్ము గురించి, దూలం మీద గీత గురించి చెప్పమని బతిమాలాడు. మేష్ట్రు జడ్జిగారి ముందు చెప్పింది రెండే మాటలు.

"దుమ్ము ఆయప్ప కన్ను తీయలేదు సామీ. నేను తీసినా."

నన్ను అడిగితే, కొట్టింది ఆయనేనని నేనూ చెప్పాను. కొన్నాళ్ళు జైలు పడింది. విడుదలయ్యాక బండ్రిలో జొన్న చేను, బర్రెలు. బళ్ళారి వైపు మళ్ళీ రాలేదు.

గ్యాలరీకి పెచ్చులు ఊడినచోట సిమెంటు పూశారు, రంగు వేశారు. ఏటేటా నింపారు. నేను ఒక కంటితోనే రెఫరీ పరీక్ష పాసై జిల్లా మ్యాచ్‌లు ఆడిస్తున్నాను. ప్రతి రెఫరీనీ జనం గుడ్డోడా అంటారు, నన్నంటే సగం నిజం. ఆ మైదానంలో విజిల్ పట్టుకుని తిరిగినప్పుడల్లా, పడమటి వైపు తప్పెట్లకు జనం ఎగిరితే నా మెడ అటే తిరిగేది. ఏ రోజూ ఏమీ కాలేదు.

పోయినేడు కాలేజీ వాళ్ళు మైదానాన్ని పెద్ద స్టేడియం చేయడం మొదలుపెట్టారు. హాస్టలు తీసేశారు, తూర్పు బండమెట్లు పీకేశారు, నాలుగు వైపులా కుర్చీల వరసలు, పచ్చని ప్లాస్టిక్ గడ్డి, దీపాల స్తంభాలు. పడమటి గ్యాలరీ కూల్చే రోజు నేను వెళ్ళి చూశాను. యంత్రం ముక్కుతో పొడిస్తే కాసేపు మొండికేసి, తర్వాత ఒక్కసారిగా కూర్చుంది. ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాను. కాంక్రీటు ముక్క కాంక్రీటు ముక్కలాగే ఉంది. నాకేమీ అర్థం కాలేదు.

అటునుంచి అటే బండ్రి వెళ్ళాను. మేష్ట్రు బర్రెకు నీళ్ళు పెడుతున్నాడు. బాగా తగ్గిపోయాడు.

"గ్యాలరీ కొట్టేసినారు సార్."

బకెట్ కింద పెట్టాడు. "ఎవురికన్నా తగిలిందా?"

"లేదు."

తలూపి నులకమంచం చూపించాడు. ఇన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను.

"ఆ దినం అది పడేదా సార్?"

"తెలీదప్పా."

"తెలీకుండానే కొట్టినారా?"

వచ్చి నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. తర్వాత, ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు. చిన్నప్పుడు గనిలో అన్నతో కలిసి పనిచేశాడు. పైన గోడ నుంచి మన్ను రాలుతోందని అందరూ చూశారు. సూపర్‌వైజరు వచ్చి చూసి చెప్తాడు, ఆగండి అన్నారు. ఆగారు. ఈయన నీళ్ళు తేవడానికి ఇవతలికి వచ్చాడు. వెనక్కి తిరిగేసరికి గోడ లేదు, అన్న లేడు. చేతులతో తవ్వితే ముందు అన్న చెప్పు దొరికింది.

"ఆ దినం గదిలో దుమ్ము మీద పడ్తానే నాకు ఇంకేం కనపడలేదు. నీ కన్ను కూడా చూసినా. చూసీ పైకి పోయినా. అది నువ్వు మరవాకు."

"పడుంటే జనం మిమ్మల్ని దేవుడనేవాళ్ళు."

"పడుంటే ఎవురో ఒకరు దాని కింద ఉండేవాళ్ళప్పా." ఆయన విరిగిన దవడ రుద్దుకున్నాడు. "పడకపోయిందే మేలు. నేను తప్పైతేనే మేలు."

ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలవి.

బండ్రి చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. హనుమంతు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. కట్టిన దవడతో ఆయన నిద్రపోతున్నట్టు లేడు, దేన్నో పళ్ళ బిగువున పట్టుకున్నట్టు ఉన్నాడు. చేను గట్టున గుంత తీశారు. మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మన్ను వేసి చేతులు కడుక్కుంటుంటే కాలేజీ నుంచి వచ్చిన ఇప్పటి జట్టు కుర్రాళ్ళు పెద్ద పూలదండతో నిలబడి ఉన్నారు. ఆయన్ని వాళ్ళెవరూ చూసినవాళ్ళు కారు. కొత్త స్టేడియంలో ఒక వైపుకు ఆయన పేరు పెట్టించాలని అర్జీ రాస్తున్నామని వాళ్ళ కెప్టెన్ చెప్పాడు.

"ఆయప్ప అందర్నీ దింపిన అయిదు నిమిషాలకే అప్పటి గ్యాలరీ బిద్దుహోయ్తంట, కూలిపోతే మళ్ళీ కట్టినారంట కదా సార్," అన్నాడు. "వందల మందిని కాపాడినాడంట."

అక్కడున్నవాళ్ళందరూ తలూపారు. మేష్ట్రు భార్య కూడా గోడకానుకుని వింటోంది. హనుమంతు నా వైపు చూశాడు.

"పడలేదు," అన్నాను.

"ఏంది సార్?"

"పడలేదప్పా. మీరు చూసింది అదే, మొన్న మొన్నటిదాక నిలబడే ఉండె. నేనే దాని ముందర ఎన్నో మ్యాచులు ఆడించినా."

కుర్రవాడి మొహంలో వెలుగు ఆరిపోయింది. చేతిలో దండ ఎటు పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మరి ఎందుకు కొట్టినాడు సార్ అంతమందిని?"

"పడుతుందని భయపడినాడు," అన్నాను.